ఎడమ చెప్పు మీద పట్టీ నీడ: ఒక షుగర్ పాదం కేసు

నేను చెప్పులు చేస్తాను. 14 ఏళ్లుగా నా పనిలో సగం స్పర్శ పోయిన పాదాలకే. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లు, ఎప్పుడో కుష్ఠు వచ్చి తగ్గినవాళ్లు డాక్టరు చీటీ పట్టుకుని వస్తారు. ఈ కేసులో నేను గొప్పగా కుట్టిందేమీ లేదు. మూడున్నర నెలల పాటు, లోపం లేని చోట మరమ్మతు చేస్తూ పోయాను. అందుకే రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంకొన్ని చిన్న వివరాలు మార్చాను. రాయడానికి ఆయన ఒప్పుకున్నారు.

మనిషి, పాదం

ఆయనకు 57 ఏళ్లు. బట్టల షాపులో చీరల సేల్స్‌మన్. షుగర్ వచ్చి 16 ఏళ్లయింది. కుడి అరికాలి ముందుభాగంలో, బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా చేతికి తగిలే ఎముక ఉంటుంది చూడండి, సరిగ్గా దాని కింద పుండు పడింది. ఎప్పుడు పడిందో ఆయనకు తెలియదు. గచ్చు మీద తడి మరకలు చూసి భార్య కనిపెట్టారు. డాక్టరు శుభ్రం చేసి, కాలి మీద బరువు పడకుండా పిండికట్టు వేసి, 11 వారాలకు మాన్పించారు. మానిన మూడో రోజు నా దగ్గరికి పంపారు.

చీటీలో రెండు ముక్కలు నాకు ముఖ్యం. ఒకటి, కాలికి రక్తప్రసరణ బాగుంది. అది బాగా లేకపోతే పట్టీ బిగువు, అంచు మెత్తదనం అన్నీ వేరే లెక్కన చూసుకోవాలి. రెండోది స్పర్శ పరీక్ష. సన్నని నైలాన్ తీగను చర్మం మీద నిలబెట్టి, అది వంగేదాకా నొక్కుతారు. 10 గ్రాముల ఒత్తిడి అన్నమాట. ఆ మాత్రం తెలిస్తే పాదం తనను తాను కాపాడుకుంటుందని లెక్క. ఈయనకు కుడి పాదం ముందుభాగంలో ఎక్కడా తెలియలేదు.

మామూలు మనిషికి చెప్పు కరిస్తే కుంటుతాడు, విప్పి చేత పట్టుకుంటాడు, మర్నాడు తెచ్చి నా మొహాన కొడతాడు. ఈ పాదం ఉన్నవాళ్లు ఫిర్యాదు చేయరు. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల మధ్య పనిచేసి తేల్చిన సంగతి ఇదే. చేతులూ కాళ్లూ పాడైపోయేది చాలావరకు నొప్పి తెలియకపోవడం వల్లే. నాకు పని నేర్పిన మేస్త్రీ ఒక కుష్ఠు ఆసుపత్రి చెప్పుల షెడ్డులో పెరిగాడు. "కస్టమర్ బాగుందంటే నమ్మకు, తోలేమంటుందో చూడు" అనేవాడు. ఆ మాట గుర్తున్నా పని జరిగేటప్పుడు పాటించలేదు.

మొదటి జత

నిలబెట్టి పాదాల చుట్టూ గీత గీశాను. సిరా రాసిన రబ్బరు చాప మీద నడిపించాను. బరువు ఎక్కువ పడ్డ చోట సిరా చిక్కగా దిగుతుంది. మానిన పుండు ఉన్నచోటే రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ పడింది. అనుకున్నదే.

పాదం కిందకి 10 మి.మీ. ఎం.సి.ఆర్. వేశాను, అంటే మైక్రో సెల్యులార్ రబ్బరు, లోపలంతా సన్నని గాలి బుడగలుండే రకం. షోర్ అనేది రబ్బరు గట్టిదనం కొలిచే లెక్క; ఇది సుమారు 15 షోర్, వేలితో నొక్కితే దిగి మళ్లీ లేచేంత మెత్తన. మరీ మెత్తటి స్పాంజి మొదటి రోజు హాయిగా ఉంటుంది, నెలకల్లా అప్పడంలా అణిగిపోతుంది. ఎం.సి.ఆర్. మీద రంగు వేయని తోలు పరిచాను, బెరడు, కాయలతో ఊనిన, అంటే పదును చేసిన, పాతకాలం రకం. మా తాతల కాలంలో లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఊనేవారు. ఇప్పుడు నాకు తమిళనాడు నుంచి వస్తుంది. రెక్సిన్ అయితే చెమట పీల్చదు, పాదం నాని చర్మం మెత్తబడుతుంది. కానీ తోలు మందమైతే డప్పు మీద చర్మంలా బిగుసుకుని కింది మెత్తదనాన్ని పాదానికి అందనివ్వదు. అందుకే రంపెతో (తోలు కోసే కత్తి) వెనకవైపు చెక్కి, 1 మి.మీ. కంటే పలుచన చేశాను.

పై పట్టీలకు మెత్తటి క్రోమ్ తోలు, లోపల పలుచని మేకతోలు లైనింగ్. బొటనవేలి ఉంగరం పెట్టలేదు. స్పర్శ లేని వేలు దాన్ని పట్టుకోవాలని బిగిస్తూనే ఉంటుంది, ఆ బిగింపుకే వేలు ఒరుసుకుపోతుంది. మడమ వెనక పట్టీ తప్పనిసరి. ఇలాంటివాళ్లకు చెప్పు జారిపోయినా తెలియదు, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చినవాళ్లు నాకు తెలుసు. మేకు ఎక్కడా లేదు, అంతా సొల్యూషన్, కుట్టు. కుట్టు కూడా రెండు సూదులతో, ఆరెతో (తోలుకు రంధ్రం పొడిచే సూది) పొడిచిన ఒక్కో రంధ్రంలో రెండు వైపుల నుంచీ దారం పోయేలా. ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది, పట్టీ ఊడి మనిషి పడడు.

చివరగా నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఆడవాళ్లు వేసుకునే పలుచని నైలాన్ సాక్సు చేతికి తొడుక్కుని చెప్పు లోపలంతా తడుముతాను. చేతికి తెలియని ముడి, దారం కొస, ఎండిన సొల్యూషన్ బొడిపె నైలాన్‌కి తెలుస్తుంది, పోగు పట్టేస్తుంది. పట్టిన చోటల్లా మళ్లీ పని. ఈ జతకు రెండు చోట్ల పట్టింది.

ఇందులో ఒక చిన్న తప్పు చేశాను. కొలత పొద్దున 10 గంటలకు తీశాను. రోజంతా నిలబడే మనిషి పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది. వారానికే చిటికెన వేలి పక్కన ఎర్రటి గీత పడింది. పట్టీ వదులు చేస్తే పోయింది. ఇప్పుడు నిలబడి పనిచేసేవాళ్లకు సాయంత్రం 6 తర్వాతే కొలతలు తీస్తున్నాను.

అయిదో వారం నుంచి

అయిదో వారంలో పాత చోటే ఆనె కట్టింది. ఆనె మధ్యలో గోధుమ రంగు చుక్క. అంటే పైన చర్మం మూసి ఉన్నా లోపల నెత్తురు చిమ్మింది. మళ్లీ పుండు పడబోతోందని దాని అర్థం. చేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి చూస్తే కుడిది అక్కడ వెచ్చగా ఉంది. వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. ఆనె చెక్కడం వాళ్ల పని. షుగర్ పాదం మీద నేను బ్లేడు పెట్టను.

చెప్పు నా చేతికొచ్చింది. ఒత్తిడి ఉన్నచోట సందు ఇస్తే సరిపోతుందనుకున్నాను. తోలు పొర విప్పి, ఎం.సి.ఆర్.లో ఆ ఎముక కింద గుండ్రంగా గుంట చేసి, మళ్లీ తోలు అతికించాను. ఈ రంగంలో అందరికీ ముందు తట్టే ఆలోచన ఇదే, చెడ్డ ఆలోచన కూడా ఇదే. రెండు వారాల్లో ఆనె చుట్టూ ఉంగరంలా ఎర్రటి గీత పడింది. గుంట అంచు చర్మాన్ని కోస్తోంది. మధ్యలో తగ్గిన బరువు ఎక్కడికో పోదు కదా, అంచు మీదికి చేరింది. పైగా చర్మం గుంటలోకి దిగి, అడుగు వేసినప్పుడల్లా అంచుకు ఒరుసుకుంటోంది. పుస్తకంలో చదివిన తప్పే స్వయంగా చేసి చూసుకున్నాను.

గుంట పూడ్చేశాను. ఈసారి బరువును ఎముక కింద తగ్గించడం కాకుండా, దాని వెనక్కి తీసుకెళ్లాలనుకున్నాను. ఎముకల వరుసకు కాస్త వెనకగా, అంచులు పూర్తిగా పలుచన చేసిన మెత్త ఒకటి పెట్టాను. సరిగ్గా ఎముక కింద పెడితే నష్టం చేస్తుంది, వెనక పెడితేనే ఎముకను పైకి ఎత్తుతుంది. సిరా చాప మీద మూడుసార్లు నడిపించి, మెత్తను 5 మి.మీ. అటూ ఇటూ జరిపి చూశాను. దాంతోపాటు కింది సోల్‌ను గట్టిగా చేసి, ముందుభాగాన్ని పడవలా పైకి తిప్పాను. అప్పుడు వేళ్లు వంగనక్కర్లేదు, అడుగు దొర్లుతుంది. వేళ్లు వంగినప్పుడే ఆ ఎముక మీద బరువు ఎక్కువ పడుతుంది.

సిరా ముద్ర చూస్తే నల్ల మచ్చ బాగా పలుచబడింది. నాకు చాలా సంతోషం వేసింది. నాలుగు వారాల తర్వాత ఆయన వచ్చారు. ఆనె అక్కడే ఉంది, అంతే మందం.

"రోజూ వేసుకుంటున్నారా?"

"పొద్దున్నుంచీ అవే కదా మేస్త్రీ."

డాక్టరూ ఇదే అడిగారు, ఇదే జవాబు వచ్చింది. భార్యను అడిగితే ఆవిడా అవునన్నారు. నేను ఇంకా మెత్తటి రబ్బరు తెప్పించాలా, సోల్ వంపు ఇంకాస్త వెనక్కి జరపాలా అని లెక్కలు వేస్తూ కూర్చున్నాను.

ఎడమ చెప్పు

ఇన్నాళ్లూ నా బల్ల మీద నేను విప్పుతున్నదీ కుడుతున్నదీ కుడి చెప్పే. ఎడమది పక్కన పడి ఉండేది, దాన్ని నేను ముట్టలేదు. పద్నాలుగో వారంలో ఒక సాయంత్రం, సొల్యూషన్ రాసి ఆరడానికి పది నిమిషాలు ఆగాల్సి వచ్చి, ఊరికే ఎడమది చేతిలోకి తీసుకున్నాను.

రంగు వేయని ఇలాంటి తోలుకు ఒక గుణం ఉంది. కొత్తలో మీగడ రంగులో ఉంటుంది. చెమట, ఒంటి జిడ్డు తగిలేకొద్దీ పాదం ఆకారంలోనే నల్లబడుతుంది. మడమ, అయిదు వేళ్లు, ముందుభాగం వేలిముద్రలా దిగుతాయి. రోజూ వేసుకునేవాళ్లకు నెలలోపే అది టీ డికాక్షన్ రంగుకు వస్తుంది. ఎండ తగిలినా ఇదే తోలు రంగు మారుతుంది, కానీ అప్పుడు పాదం ఆకారం రాదు, ఎండ పడిన మేరకు లేత గోధుమ రంగు వస్తుంది.

ఈ ఎడమ చెప్పు మీద మడమ దగ్గర లేత ముద్ర ఉంది, వేళ్లవి కనీకనపడనట్టున్నాయి. మిగతా అంతా ఎండకు మాగిన రంగు. అడ్డంగా, పట్టీ కిందుగా రెండు తెల్లటి చారలు, పట్టీల నీడ పడినట్టు. పాదం లోపల ఉండగా ఎండ ఈ తోలు మీద పడదు. ఈ చెప్పు రోజూ గంటల తరబడి ఖాళీగా, ఎండలో, ఒకే చోట పడి ఉంది. సోల్ తిప్పి చూశాను. మడమ వెనక అంచు ఇంకా పదునుగానే ఉంది. మూడు నెలలు నడిచిన చెప్పుకు అక్కడ అరుగుదల ఉండాలి.

ఆయన అబద్ధం చెప్పారనుకున్నాను. అది నా రెండో తప్పు.

షాపులో

మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా షాపుకు వెళ్లాను. పడమటి ముఖం షాపు. గుమ్మం ముందు మెట్టు మీద ఒక వరుస చెప్పులు, మధ్యలో నావి, ఎండలో. లోపల తెల్ల దుప్పట్లు పరిచిన పరుపులు, చీరల గుట్టలు. చెప్పులు వేసుకుని లోపలికి రావడం ఆ షాపులో లేదు, కస్టమర్లకూ లేదు. నేను ఎన్నో షాపుల్లో చెప్పులు విప్పి లోపలికెళ్లిన మనిషినే, నాకు తట్టలేదు.

ఆయన పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా టైల్స్ మీద ఉత్త కాళ్లతో ఉంటారు. నేను చూస్తుండగానే ఒకావిడ పై అరలో చీర అడిగింది. ఆయన చిన్న స్టూలు ఎక్కి, మడమలు లేపి, కుడికాలి మునివేళ్ల మీద నిలబడి కట్ట లాగారు. ఒంటి బరువంతా ఆ ఒక్క ఎముక మీద. సిరా చాప ముద్రలో ఈ భంగిమ ఉండదు, దాని మీద ఎవరూ స్టూలు ఎక్కరు కదా. అరగంటలో ఏడుసార్లు ఎక్కారు.

"రోజంతా వేసుకుంటున్నానన్నారు కదండీ?"

"వేసుకుంటున్నా కదా. ఇంట్లోంచి వేసుకునే వస్తాను, వేసుకునే పోతాను. గుళ్లో, ఇంట్లో, షాపులో ఎలా వేసుకుంటాం మేస్త్రీ?"

ఆయన చెప్పింది నిజమే. చెప్పులు వేసుకోవడం అంటే ఆయనకు, ఆయనకేమిటి మనందరికీ, బయటికి వెళ్లేటప్పుడు వేసుకోవడమే. నేను అడగాల్సింది వేసుకుంటున్నారా అని కాదు. పొద్దున లేచి పడుకునేదాకా ఎక్కడెక్కడ విప్పుతారని అడగాలి. లెక్కేస్తే చెప్పు పాదానికి ఉన్నది రోజుకు గంటన్నర. మిగతా టైమంతా పాదం గచ్చు మీదే.

తర్వాత చేసినవి

సాక్సుకు కింద ఎం.సి.ఆర్. అతికిద్దామా అనుకున్నాను. టైల్స్ మీద జారుతుంది, స్టూలెక్కే మనిషికి ప్రమాదం. వదిలేశాను. ఉన్న జతనే షాపులోకి అనుమతించమని ఓనర్‌ను అడిగాను. ఆయన కటువుగా ఏమీ అనలేదు గానీ, "లక్ష్మీదేవి తిరిగే చోటండీ, రోడ్డు మీద తొక్కినవి లోపలికి వద్దు" అన్నారు. ఆ మాటలోనే దారి కనపడింది. ఆయనకు అభ్యంతరం చెప్పు మీద కాదు, రోడ్డు మీద.

రోడ్డెక్కని రెండో జత చేశాను. షాపులోనే ఉంటుంది, బీరువాలో. మీగడ రంగు మెత్తటి తోలుతో, ముందు మూసి, చూడ్డానికి చెప్పులా కాకుండా కుట్టాను. వేళ్ల దగ్గర లోపల కుట్టే రాకుండా ముక్క ఒక్కటిగా కోశాను. పాదం కింది పొరలు, మెత్త మొదటి జతలో ఉన్నలాంటివే. కింద మాత్రం మచ్చ పడని లేత రంగు రబ్బరు, 4 మి.మీ., జారకుండా గీతలున్నది. పడవ వంపు పెట్టలేదు. ఒత్తిడి లెక్కలో పెట్టడమే మంచిది, కానీ స్పర్శ లేని పాదంతో స్టూలు మీద నిలబడే మనిషికి దొర్లే సోల్ ఇస్తే ఎముక కాపాడి తల పగలగొట్టినట్టవుతుంది. స్టూలు సంగతి ఓనర్‌తో మాట్లాడాను. పై అర పని కుర్రాడికి అప్పగించారు. నిజం చెప్పాలంటే నా మెత్త కంటే ఈ ఒక్క మార్పే ఎక్కువ పనిచేసి ఉండొచ్చు.

ఇల్లు ఇంకా కష్టమైంది. ఆయన భార్య వంటింటి దాకా ఒప్పుకున్నారు, కానీ "తోలు వద్దన్నయ్యగారూ, ఇంట్లో పూజలు చేసుకుంటాం" అన్నారు. నేను వాదించలేదు. మందపాటి కాన్వాసు గుడ్డతో పైభాగం, ఎం.సి.ఆర్. మీద కాటన్ గుడ్డ పరిచి, తోలు ముక్క ఒక్కటీ లేకుండా మూడో జత కుట్టాను. తోలుపనివాడిగా ఈ కేసులో నేను చేసిన మంచి పని అదేనేమో. పూజ గదిలోకి అదీ రాకూడదు. అక్కడ రెండడుగుల ఎం.సి.ఆర్. షీటు కోసి, చుట్టూ గుడ్డ అంచు కుట్టి, చాపలా వేశాం. ఆయన దాని మీద నిలబడి హారతి ఇస్తారు.

మూడు జతలంటే ఖర్చే. నెలకింత చొప్పున తీసుకున్నాను.

ఇప్పటిదాకా

ఆరు వారాలకు ఆనె సగం పలుచబడింది. నాలుగో నెలకు ఆ చోట చర్మం మిగతా అరికాలిలాగే ఉంది, చేతి వెనక భాగానికి వేడి తెలియలేదు. ఇప్పటికి 13 నెలలు, పుండు లేదు. మందులు, డాక్టరు దగ్గర ఆనె చెక్కించుకోవడం కూడా సాగుతూనే ఉన్నాయి కాబట్టి ఇదంతా చెప్పుల ఘనతేనని నేననను. ఎం.సి.ఆర్. 10 మి.మీ. మందం ఆరు నెలలకు ముందుభాగంలో 7కి వచ్చింది, మార్చాను. పైకి చెప్పు కొత్తగానే ఉంటుంది కాబట్టి మందం కొలవకపోతే ఇది తెలియదు.

షాపు జత మొదటిసారి చూడ్డానికి తెచ్చినప్పుడు సోల్ తిప్పితే మూడు గుండుసూదులు గుచ్చుకుని ఉన్నాయి. కొత్త బట్టల ప్యాకింగ్‌లోవి. రెండు పైపైన ఉన్నాయి. మూడోది పటకారుతో లాగాల్సి వచ్చింది, 4 మి.మీ. రబ్బరు దాటి మొన ఎం.సి.ఆర్. లోపలికి దిగింది. 30 ఏళ్లుగా ఆయన ఆ నేల మీదే ఉత్త కాళ్లతో తిరిగారు. ఆ మూడింటినీ అగ్గిపెట్టెలో వేసి ఆయనకే ఇచ్చాను. ఆయన దాన్ని కౌంటర్‌లో పెట్టుకుని, చెప్పులు ఎందుకని అడిగిన కస్టమర్లకు తీసి చూపిస్తున్నారట.

నా కొలతల కాగితంలో ఇప్పుడు పాదం గీతకు పక్కన ఇంకో గడి ఉంది: నిద్ర లేచిన దగ్గర్నుంచి కాలు ఏ నేల మీద ఉంటుంది, ఎన్ని గంటలు. రంగు వేయని తోలే వాడుతున్నాను. నల్ల తోలు అయితే మురికి కనపడదని కస్టమర్లు అడుగుతారు, నాకు ఆ మురికే కావాలి. ప్రతి రాకలో రెండు చెప్పులూ చూస్తున్నాను, బాగున్న కాలిది ముందు.

పోయిన నెల వచ్చినప్పుడు ఆయన కొత్త సంగతి ఎత్తారు. పుండు మానితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని అప్పట్లో మొక్కుకున్నారట. 3,550 మెట్లు, అదీ ఉత్త కాళ్లతో. డాక్టరు వద్దన్నారు. కాన్వాసు జతతో ఎక్కొచ్చా అని నన్నడుగుతున్నారు. మెట్టెక్కినప్పుడల్లా బరువు మునివేళ్ల మీదే పడుతుంది, ఇంటి జత దానికి చేసింది కాదు. "డాక్టరు గారు ఒప్పుకుంటే కొత్త జత గురించి ఆలోచిద్దాం, ముందు ఒక్కసారి మా వీధిలో మేడ మెట్లు ఎక్కి దిగి చూపించండి" అన్నాను. వచ్చే మంగళవారం సాయంత్రం 6 తర్వాత వస్తానన్నారు.